బండకు జిగురు

రామగుండం అనగానే ఎన్టీపీసీ పొగగొట్టాలు, గోదావరిఖని అనగానే ఓపెన్‌కాస్ట్ మట్టికుప్పలు కళ్ల ముందు మెదులుతాయి. ఆ నేల అడుగున, కొన్ని వందల మీటర్ల లోతులో, మనుషులు నడిచే దారులున్నాయి. ఆ దారులపై బండ పడకుండా ఏది ఆపుతోందని అడిగితే ఇనుప కడ్డీల పేరు ఎవరైనా చెబుతారు. ఆ కడ్డీలను బండలో పట్టి ఉంచే జిగురు ఊసు మాత్రం ఎక్కడా వినపడదు. జిగురును కొలిచి, కలిపి, వేయవలసిన చోట వేయవలసిన క్షణంలో వేయడం చిన్న విద్య కాదు. కార్ల ఫ్యాక్టరీల్లో ఆ పని రోబోలు చేస్తాయి. బొగ్గుబాయిలో అదే పని చీకట్లో, తల పైకెత్తి, లోపల ఏం జరుగుతోందో కనపడని రంధ్రంలో జరగాలి.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న ఆ బొగ్గు తవ్వే కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఆ కాలంలో పైకప్పుకు ఆధారం అడవి కర్ర. దుంగను నిలువుగా పెట్టి, పైన చెక్క దట్టించి బిగించేవారు. కర్రకున్న ఇబ్బంది ఏమిటంటే, బండ కదిలి తన మీద కూర్చునేదాకా అది మోసేది ఏమీ ఉండదు. పైగా దారికి అడ్డం. యంత్రాలు లోపలికి వచ్చాక దారి మధ్యలో దుంగలు నిలబెట్టడం కుదరని పని అయింది. అందుకే ఆధారం నేల మీది నుంచి బండ లోపలికి మారింది. పైకప్పుకు రంధ్రం వేసి, అందులో ఇనుప కడ్డీ పెట్టి, చుట్టూ జిగురు నింపి గట్టిపరచడం. దీన్నే రూఫ్ బోల్టింగ్ అంటున్నాం.

కింద ఏ దన్నూ లేకుండా కడ్డీ బండను ఎలా మోస్తుంది? గోదావరి లోయలో బొగ్గు పైన ఉండే బండ ఏకశిల కాదు. ఇసుకరాయి, మట్టిరాయి పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. విడి కాగితాల కట్టను రెండు చివర్లా పట్టుకుంటే మధ్యలో వేలాడిపోతుంది. అవే కాగితాలను జిగురుతో ఒక్క అట్టగా అంటిస్తే బిగుసుకుని నిలుస్తుంది. దీని వెనక ఉన్న లెక్క తేలిక. ఒక దూలం వంగకుండా నిలిచే బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే మందమున్న నాలుగు పొరలు విడివిడిగా ఉంటే వాటి మొత్తం బిగువు 4 వంతులు. ఒకదానిపై ఒకటి జారకుండా బిగిస్తే నాలుగింతల మందమున్న ఒకే దూలం అవుతుంది. నాలుగు ఘనం 64. అంటే అదే బండ 16 రెట్లు బిగువవుతుంది. బయటి నుంచి ఒక్క రాయి తేలేదు. పొరల మధ్య జారుడును ఆపామంతే. నిజమైన గనిలో ఈ లాభం పూర్తిగా దక్కదు. పగుళ్లుంటాయి, నీరు ఊరుతుంది, మట్టి పొర మెత్తబడుతుంది. అయినా బోల్టు పని ఇదే: పొర మీద పొర జారకుండా చూడటం. ఆ జారుడును కడ్డీ ఒంటరిగా ఆపలేదు. కడ్డీకీ రంధ్రం గోడకూ మధ్య ఉన్న మూడు మిల్లీమీటర్ల సందును జిగురు పూర్తిగా నింపితేనే ఆపగలదు.

మన గనుల్లో ముందు సిమెంట్ క్యాప్సూల్ వచ్చింది. నీళ్లలో నానబెట్టి రంధ్రంలోకి తోసేవారు. అది గట్టిపడటానికి సమయం పడుతుంది. ఆ సమయమంతా పైకప్పు ఆధారం లేకుండా ఉంటుంది. ఆ లోటును తీర్చింది రెసిన్ క్యాప్సూల్. బొటనవేలంత లావున్న ప్లాస్టిక్ గొట్టం అది, చివర్లు లోహపు క్లిప్పులతో బిగించి ఉంటాయి. లోపల రెండు అరలు. పెద్ద అరలో పాలియెస్టర్ రెసిన్, దానిలో మెత్తని సున్నపురాయి పొడి. చిన్న అరలో బెంజాయిల్ పెరాక్సైడ్ ముద్ద. రెండింటి మధ్య పలుచని ప్లాస్టిక్ పొర. జిగురు వేసే యంత్రాలన్నిటిలోకీ చిన్నది ఇదేనని నా ఉద్దేశం. రెండు రసాయనాలను సరైన పాళ్లలో కొలిచి, కలవకుండా విడిగా ఉంచి, కావలసిన చోట కావలసిన క్షణంలో కలిపే సాధనం ఏదైనా డిస్పెన్సరే. ఇందులో కొలత పని ఫ్యాక్టరీలోనే అయిపోయింది. కలిపే పని మాత్రం బాయిలోకి మిగిలింది.

ఆ కలపడం ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. రంధ్రంలోకి క్యాప్సూళ్లు తోస్తారు. వెనకే బోల్టును గిరగిరా తిప్పుతూ పైకి నెడతారు. బోల్టు కొన ప్లాస్టిక్‌ను చీల్చుకుంటూ పోతుంది. ఒంటి మీది గట్లు రెసిన్‌నూ పెరాక్సైడ్‌నూ చిలుకుతాయి. పెరాక్సైడ్ అణువు రెండుగా చీలి, దేనితోనైనా జతకట్టాలని ఆత్రపడే ముక్కలవుతుంది. అవి రెసిన్‌లోని స్టైరీన్‌ను కదిలిస్తాయి. స్టైరీన్ పొడవాటి పాలియెస్టర్ గొలుసుల మధ్య వంతెనలు వేస్తుంది. తేనెలా కారేది చూస్తుండగానే రాయవుతుంది. త్వరగా గట్టిపడే రకానికి అర నిమిషం చాలు. కొన్ని గనుల్లో రంధ్రం కొసన త్వరగా గట్టిపడే క్యాప్సూలు, దాని కింద నిదానంగా గట్టిపడేవి పెడతారు. కొస బిగుసుకోగానే నట్టు తిప్పి బోల్టును లాగి బిగిస్తారు. ఆ బిగువు మీదే కింది రెసిన్ గట్టిపడుతుంది. అంటే బండ కదిలేవరకూ ఆగకుండా మొదటి నిమిషం నుంచే బోల్టు దాన్ని పైకి నొక్కి పడుతుంది. కర్ర దుంగకు ఈ గుణం లేదు.

ఇక్కడే కష్టం ఉంది. తిప్పవలసిన సమయం సెకన్లలో ఉంటుంది. తక్కువ తిప్పితే రెసిన్ ఒకచోట, పెరాక్సైడ్ ఒకచోట ఉండిపోతాయి. ఎక్కువ తిప్పితే అప్పుడే పుడుతున్న వంతెనలు తెగిపోతాయి, ఒకసారి తెగితే మళ్లీ అతకవు. మూడో తప్పు ఇంకా మోసకరమైనది. ప్లాస్టిక్ పొర ముక్కలు కాకుండా తొడుగులా బోల్టుకు చుట్టుకుంటుంది. రెసిన్ గట్టిగానే ఉంటుంది, బోల్టు కూడా గట్టిగానే ఉంటుంది. రెండింటి మధ్య ప్లాస్టిక్ ఉంటుంది. కింద నుంచి చూసేవారికి మంచి బోల్టుకూ, ఈ తొడుగు బోల్టుకూ తేడా తెలియదు. రెండిటికీ కింద ఒకటే ప్లేటు, ఒకటే నట్టు.

కొలత ఎంత సున్నితమో అంకెల్లో చూడండి. రంధ్రం 28 మిల్లీమీటర్లు, బోల్టు 22 మిల్లీమీటర్లు, పొడవు 1.8 మీటర్లు అనుకుందాం. కడ్డీ చుట్టూ నింపాల్సిన ఖాళీ సుమారు 424 మిల్లీలీటర్లు, అర లీటరుకు కాస్త తక్కువ. 24 మిల్లీమీటర్ల లావు క్యాప్సూళ్లయితే మొత్తం 94 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. ఇప్పుడు డ్రిల్ రాడ్ వంకరగా ఉండి ఊగిందనుకోండి, లేదా వేరే సైజు బిట్ పడిందనుకోండి. రంధ్రం 28కి బదులు 30 మిల్లీమీటర్లయింది. పెరిగింది 2 మిల్లీమీటర్లే. అదే 94 సెంటీమీటర్ల క్యాప్సూళ్లు ఇప్పుడు 1.3 మీటర్ల వరకే నింపగలవు. మిగతా అర మీటరు బోల్టు చుట్టూ గాలి ఉంటుంది. ఆ అర మీటరూ కింద, మన తలకు దగ్గరగా ఉన్న పొరల్లో. రంధ్రం లావు సరిగ్గా ఉండి, లోతు 10 సెంటీమీటర్లు ఎక్కువైనా నష్టమే. బోల్టు చేరని ఆ కొసలో రెసిన్ ఊరికే ఉండిపోయి కింద 26 సెంటీమీటర్ల దాకా కొరత పడుతుంది. ఈ లెక్కలు చేశాక నాకు బలంగా తోచిన మాట ఒకటుంది. జిగురు పనిలో జిగురు కన్నా ముందు రంధ్రం కొలవాలి. క్యాప్సూలు తయారీలో ఎంత కచ్చితత్వం చూపినా, డ్రిల్ బిట్ దగ్గర చూపని కచ్చితత్వం దాన్ని తినేస్తుంది.

రామగుండం ఎండ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఇక్కడ వేసవిలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. చల్లని యూరప్ గనుల కోసం కూర్చిన క్యాప్సూలును మే నెలలో రేకుల షెడ్డులో పేర్చి ఉంచితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. పెరాక్సైడ్ మెల్లగా విరుగుతుంది. రెసిన్ తనంతట తాను చిక్కబడుతుంది. షెడ్డులోంచి వేడిగా దిగిన క్యాప్సూలు లోపల, చెప్పిన సమయం కన్నా ముందే బిగుసుకుంటుంది. బోల్టు పూర్తిగా పైకి చేరకముందే ఆగిపోతుంది. అందుకే స్టోరులో నీడ, గాలి, తయారీ తేదీ చూసి పాతవి ముందు వాడే పద్ధతి ఇవన్నీ భద్రతలో భాగాలే. జిగురు చేత్తో పెట్టినా యంత్రం పెట్టినా ఈ నియమం మారదు.

ఇక యంత్రం సంగతి. కంటిన్యూస్ మైనర్ బొగ్గు కోసే దారుల్లో క్వాడ్ బోల్టర్ లాంటి బండ్లు తిరుగుతాయి. నాలుగు నిలువు స్తంభాల మీద నాలుగు డ్రిల్లులు ఉంటాయి. రంధ్రం వేసేదీ బోల్టును తిప్పేదీ అవే. లోతు ఎంతో స్తంభం పొడవే నిర్ణయిస్తుంది. తిప్పే బలం ప్రతిసారీ ఒకటే. హైడ్రాలిక్ పట్టు నిలువుగా నెడుతుంది కాబట్టి రాడ్ ఊగదు. పైన చెప్పిన 2 మిల్లీమీటర్లను కాపాడేది ఈ పట్టే. కొత్త తరం యంత్రాల్లో తిప్పే సమయాన్ని కూడా యంత్రమే లెక్కిస్తుంది. క్యాప్సూళ్లను గాలితోనో నీటితోనో గొట్టంలోంచి పైకి తోసే ఏర్పాట్లూ వచ్చాయి.

యంత్రంతో వేగం పెరిగిందని అమ్మేవాళ్లు చెబుతారు. నాకు వేగం కన్నా దూరం ముఖ్యం. రూఫ్ బోల్టింగ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఆఖరి బోల్టుల వరుసకూ, అప్పుడే కోసిన బొగ్గుకూ మధ్య ఉన్న కొన్ని అడుగులు. అక్కడ బండకు ఇంకా ఏ ఆధారమూ లేదు. చేతి డ్రిల్లు పట్టుకున్న సపోర్ట్‌మన్ ఆ అంచునే నిలబడాలి. పని మొదలుపెట్టే ముందు, పని చూసే మైనింగ్ సర్దార్ పైకప్పును కర్రతో తట్టి శబ్దం వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. విడిపోయిన పొర డొల్లగా మోగుతుంది. ఆ చెవి ఎంత అనుభవమున్నదైనా ఒక అడుగు మందం లోపలి సంగతి చెప్పగలదు, రెండు మీటర్ల పైన విడిపోతున్న పొర సంగతి చెప్పలేదు. బోల్టర్ మీద మనిషి ఇనుప గొడుగు కింద, ఇప్పటికే బోల్టులు వేసిన పైకప్పు కింద నిలబడి మీటలు కదుపుతాడు. 2003 అక్టోబరు 16న గోదావరిఖని జీడీకే-8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. 2022 మార్చి 7న అడ్రియాల గనిలో మళ్లీ పైకప్పు కూలి ముగ్గురు పోయారు. ఏ ప్రమాదానికి ఏది మూలమో విచారణలు తేల్చాల్సిన విషయం, దాన్ని ఒక క్యాప్సూలు మీదికి నెట్టడం తప్పు. కానీ ఆ ఇళ్లవాళ్లున్న ఊళ్ల మధ్య కూర్చుని పైకప్పు గురించి రాసేటప్పుడు, మనిషికీ ఆధారం లేని బండకూ మధ్య ఒక్క మీటరు దూరం పెంచే యంత్రమైనా సరే, దాని విలువను టన్నుల్లో లెక్కగట్టడం నాకు చేతకాదు.

అడ్రియాల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పొడవాటి ముఖం వెంట బొగ్గు కోసుకుపోయే పద్ధతిని లాంగ్‌వాల్ అంటారు. సింగరేణి మొదటి లాంగ్‌వాల్ 1983లో ఇక్కడే, జీడీకే-7లో మొదలైంది. 2014లో ఉత్పత్తి ప్రారంభించిన అడ్రియాల దానికి ఎన్నో రెట్లు పెద్దది. బొగ్గు కోసే ముఖం పొడవే 250 మీటర్లు. ఆ ముఖం పొడవునా పైకప్పును మోసేవి హైడ్రాలిక్ సపోర్టులు. అంత ఇనుముండగా జిగురు దేనికి అనిపించవచ్చు. ముఖానికి రెండు వైపులా ఉండే దారులు, గాలీ మనుషులూ వచ్చీపోయే గేట్ రోడ్లు, నిలబడేది మాత్రం బోల్టుల మీదే. వెయ్యి టన్నులు మోసే సపోర్టు దగ్గరికి నడిచి వెళ్లేవాడు జిగురు నమ్ముకునే వెళ్లాలి.

బండ ముందే పగిలి పిండిలా రాలుతుంటే బోల్టు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు బండలోకే జిగురు ఎక్కిస్తారు. అచ్చంగా జిగురు పోసే యంత్రం కనపడేది ఇక్కడే. రెండు డ్రమ్ములు: ఒకదానిలో ఐసోసైనేట్, మరోదానిలో పాలియాల్. ఒకే కడ్డీకి బిగించిన రెండు పిస్టన్లు సమానంగా తోడతాయి. ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు కాబట్టి పాళ్లు తప్పవు. రెండు గొట్టాలూ రంధ్రం నోటి దగ్గర కలుస్తాయి. కలిశాక రెండూ ఒక పొట్టి గొట్టంలోంచి పోవాలి. ఆ గొట్టంలో మెలితిప్పిన రేకులు వరుసగా ఉంటాయి. అందులో తిరిగేదేమీ లేదు. చిక్కటి ద్రవం గొట్టంలో సుడులు తిరగదు, పొరలుగా జారుతుంది. కాబట్టి చిలకడం కుదరదు, మడతపెట్టాలి. ప్రతి రేకూ ప్రవాహాన్ని రెండుగా చీల్చి మళ్లీ పేరుస్తుంది. ఒక రేకు దాటితే పొరలు రెట్టింపు, పది రేకులు దాటితే 1024 రెట్లు. వెంట్రుక కన్నా పలుచనైన పొరలయ్యాక అణువులు తామే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. కార్ల ఫ్యాక్టరీలో ముందు అద్దం అంటించే రోబో చేతి చివర రెండు భాగాల జిగురు వాడితే, అక్కడా ఈ మడతల గొట్టమే ఉంటుంది.

ఫ్యాక్టరీ జిగురుకూ గనికీ మరో చుట్టరికం ఉంది. గనుల్లో బురదనీళ్లు తోడే మోనో పంపు చాలామందికి తెలిసిందే. రబ్బరు గుల్లలో మెలికల ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. 1930 ప్రాంతంలో ఫ్రెంచి ఇంజనీరు రెనే మొయినో రూపొందించిన ఈ పంపుకు ఒక గొప్ప గుణం ఉంది. ద్రవం పలుచనైనా చిక్కనైనా ఒక చుట్టుకు ఒకటే పరిమాణం తోస్తుంది. చుట్లు లెక్కపెడితే జిగురు కొలిచినట్టే. అదే పంపును చిటికెనవేలంత చేసి సెల్‌ఫోన్ల తయారీలో చుక్కలు చుక్కలుగా జిగురు పెట్టడానికి వాడుతున్నారు.

మరి ఫ్యాక్టరీల్లో జిగురు కొలిచే కంప్యూటర్లన్నీ బాయిలోకి ఎందుకు దిగలేదు? మీథేన్ వల్ల. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. పైన మామూలుగా వాడే మోటారు, స్విచ్, సెన్సర్ ఏదీ అలాగే లోపలికి తీసుకుపోకూడదు. పేలుడు బయటికి రానివ్వని ఇనుపపెట్టెలో ఉండాలి, లేదా రవ్వ పుట్టినా మీథేన్‌ను అంటించలేనంత తక్కువ కరెంటుతో నడవాలి. దానికి గనుల భద్రతా డైరెక్టరేటు ఆమోదం కావాలి. అందుకే జిగురు పంపులు ఎక్కువగా నొక్కిన గాలితో నడుస్తాయి. పైగా ఆ జిగురే ఒక ప్రమాదం. ఐసోసైనేట్, పాలియాల్ కలిసినప్పుడు వేడి పుడుతుంది. సన్నని పగుళ్లలో ఆ వేడిని బండ పీల్చుకుంటుంది. పెద్ద గుహలాంటి ఖాళీలో ఒకేసారి కుమ్మరిస్తే లోపలి వేడికి పోయే దారి లేక మాడుతుంది, పక్కనే బొగ్గుంది. ఐసోసైనేట్ ఆవిరి పీల్చినవారికి ఉబ్బసం పట్టుకోవచ్చు, ఒకసారి పడనిదైతే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఆయాసం వస్తుంది. కాబట్టి ఈ పంపులో పాళ్లు తప్పితే ఆపేసే మీటరు, ఎంత పోశామో చెప్పే లెక్క, పంపు మనిషికి ముసుగు, ఎదురుగాలి లేని చోటు ఇవన్నీ పనిలో భాగం.

చెయ్యి ఇంకా యంత్రాన్ని గెలుస్తున్న చోటూ ఒకటుంది. కన్వేయర్ బెల్టు తెగినప్పుడు చల్లటి పద్ధతిలో అతికే జాయింటు అది. పొరలు మెట్లుమెట్లుగా కోసి, గరుకు చేసి, రెండు భాగాల రబ్బరు జిగురును బ్రష్‌తో పూస్తారు. పూయగానే అతికితే లోపల ద్రావకం చిక్కుకుని బుడగలవుతుంది. పూర్తిగా ఆరితే పట్టదు. ఆ మధ్య క్షణాన్ని పనివాడు వేలి వెనకభాగంతో తాకి పసిగడతాడు. జిగురు చర్మాన్ని లాగాలి, కానీ అంటుకోకూడదు. గాలిలో తేమ, బెల్టు వేడి, దుమ్ము అన్నీ కలిసి ఆ క్షణాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతుంటాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా ఆ వేలు చదువుతుంది.

బోల్టు విషయంలో అలాంటి వేలు లేదు. అందుకే కొన్ని విదేశీ గనుల్లో క్యాప్సూలునే వదిలేసి, రెండు భాగాల రెసిన్‌ను పంపుతో నేరుగా రంధ్రంలోకి పంపడం మొదలుపెట్టారు. ఇందులో ప్లాస్టిక్ తొడుగు బెడద ఉండదు. రంధ్రం 30 మిల్లీమీటర్లయినా నిండేదాకా పోస్తుంది. అన్నిటికన్నా విలువైనది మరొకటి: ఎంత పోసిందో పంపు చెబుతుంది. మామూలుగా 424 మిల్లీలీటర్లు పట్టే రంధ్రం 900 తాగిందంటే పైన ఎక్కడో పగులుందన్నమాట. జిగురు పోసే యంత్రమే బండను పరీక్షించే యంత్రమవుతుంది. ఒక దారి పొడవునా ప్రతి రంధ్రం తాగిన జిగురును వరుసగా రాసుకుంటూ పోతే, పైన విడిపోయిన పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పటం గీయవచ్చు. కర్రతో తట్టినప్పుడు చెవికి అందని లోతు అది.

అలాంటి పంపు వచ్చేదాకా ఉన్న దారి బోల్టును లాగి చూసే పరీక్ష. వేసిన బోల్టుల్లో కొన్నిటిని ఎంచి, కొసకు హైడ్రాలిక్ జాక్ బిగించి, చేతిపంపు కొడుతూ గేజీలో టన్నులు చదువుతారు. బోల్టు జారితే ముల్లు నిలవకుండా వెనక్కి వస్తుంది. ఈ పరీక్ష బోల్టు మొత్తంగా పట్టుందో లేదో చెబుతుంది, పట్టు పొడవునా ఉందో లేదో చెప్పదు. ముప్ఫై నలభై సెంటీమీటర్ల మంచి రెసిన్ కడ్డీ మొత్తం బలాన్ని ఆపగలదు. అంటే మన లెక్కలోని అర మీటరు గాలి ఉన్న బోల్టు కూడా ఈ పరీక్ష పాసవుతుంది. అందుకే లాగుడు పరీక్షతో పాటు రంధ్రం వేయగానే లావూ లోతూ కొలిచి రాసుకోవడం, బోల్టు పైకెక్కాక రంధ్రం నోటి దగ్గర రెసిన్ బయటికి ఉబికిందా లేదా అని దీపం వేసి చూడటం తప్పనిసరి. క్యాప్‌ల్యాంప్ వెలుగులో ప్లేటు అంచున వేలెడు రెసిన్ కనపడితే, ఆ రంధ్రం కింది దాకా నిండిందని చెప్పే రుజువు ఇప్పటికి అదొక్కటే.